మైసూరు థన్‌బర్జియా తీగ: తరచుగా అడిగే ప్రశ్నలు

పందిరి మీంచి మూర, రెండు మూరల పొడవున వేలాడే పసుపు, ఎరుపు పూలగుత్తుల ఫొటో ఏటా ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. దాని వెంట ఇది నిజమైన పువ్వేనా, మన ఊళ్ళో బతుకుతుందా, విత్తనం ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నలూ వస్తాయి. ఎక్కువమంది అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఈ తీగలో ప్రతి భాగం వెనకా ఒక పక్షి ఉంది. అది తెలిస్తే పువ్వు ఎందుకలా ఉందో, మన పెరట్లో ఎందుకు మొండికేస్తుందో రెండూ అర్థమవుతాయి.

ఇంతకీ ఇది ఏ తీగ? విదేశీ మొక్కా?

విదేశీ కాదు, పుట్టింది మన దక్షిణ భారతంలోనే. శాస్త్రీయ నామం థన్‌బర్జియా మైసోరెన్సిస్. కర్ణాటక, కేరళ, తమిళనాడు రాష్ట్రాల్లోని పశ్చిమ కనుమలు దీని సొంత ఊరు. కొడగు, చిక్కమగళూరు, వయనాడు, నీలగిరుల వైపు తడి అడవుల అంచుల్లో, కొండవాగుల పక్కన, ఘాట్ రోడ్ల వెంబడి పెద్ద చెట్ల మీదికి ఎగబాకి కనిపిస్తుంది. నర్సరీల్లో మైసూరు క్లాక్ వైన్ అనీ, లేడీస్ స్లిప్పర్ వైన్ అనీ అమ్ముతారు. రెండో పేరుతో కొంచెం జాగ్రత్త. అదే పేరున్న ఆర్కిడ్లు వేరే ఉన్నాయి, వాటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

అయితే మైసూరు వెళ్తే అడవిలో కనిపిస్తుందా?

మైసూరు నగరం చుట్టూ ఉన్నది చాలావరకు పొడి మైదానం. అక్కడ తోటల్లో పెంచినవే కనిపిస్తాయి. పేరులోని మైసూరు పాత సంస్థానానికి సంబంధించింది. సహజంగా పెరిగే చోటు చూడాలంటే ఇంకా పడమటికి, వాన బాగా కురిసే కొండల్లోకి వెళ్ళాలి.

దీన్ని మొదట గుర్తించి పేరు పెట్టింది ఎవరు?

శాస్త్రలోకానికి పరిచయం చేసింది రాబర్ట్ వైట్. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి దక్షిణాది మొక్కల మీద దశాబ్దాల పాటు పనిచేశాడు. ఆయన దీన్ని హెక్సాసెంట్రిస్ అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. తరవాత కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యతలు చూసిన థామస్ ఆండర్సన్ దాన్ని థన్‌బర్జియాలోకి మార్చాడు. ఆ ప్రజాతి పేరు స్వీడన్‌కు చెందిన కార్ల్ పీటర్ థన్‌బర్గ్‌ది. లిన్నేయస్ శిష్యుడు, దక్షిణాఫ్రికా, జపాన్ దేశాల మొక్కల మీద పనిచేసినవాడు.

ఇక్కడ ఇద్దరిని తలుచుకోకుండా ముందుకు పోలేను. వైట్ 1838 నుంచి 1853 వరకు వెలువరించిన మొక్కల బొమ్మల సంపుటాలకు ప్రధానంగా బొమ్మలు గీసినవాళ్ళు రంగయ్య, గోవిందు అనే మన దక్షిణాది చిత్రకారులు. ఆకు ఈనెలూ, కేసరాల మీది నూగూ, కోసిన అండాశయమూ అన్నీ ఓపిగ్గా గీశారు. మొక్క శాస్త్రీయ నామం చివర వైట్ పేరు ఉంటుంది, వీళ్ళ పేర్లు ఉండవు. దక్షిణ భారత వృక్షశాస్త్రం గురించి మాట్లాడినప్పుడల్లా వీళ్ళ పేర్లూ రావాలని నా పట్టుదల.

ఇది కనకాంబరానికి చుట్టమంటారు, నిజమా?

నిజమే. రెండూ అకాంథేసి కుటుంబానికి చెందినవే. అడ్డసరం, నేలవేము, ముళ్ళగోరింట, నీటిగొబ్బి కూడా ఆ ఇంటివే. ఎదురెదురుగా ఆకులు, పువ్వు కింద పచ్చని పుచ్ఛాలు (చిన్న ఆకుల్లాంటి భాగాలు), గొట్టంలా కలిసిపోయిన రేకలు, ఎండితే రెండుగా చీలే కాయ, ఇవన్నీ కుటుంబ లక్షణాలు.

అయినా థన్‌బర్జియాలు ఆ కుటుంబంలో కొంచెం వేరుపడ్డ శాఖ. కనకాంబరం లాంటి వాటి కాయలో ప్రతి గింజ కిందా చిన్న కొక్కెం ఉంటుంది. కాయ పగిలేటప్పుడు గింజను దూరంగా విసిరేది అదే. చిన్నప్పుడు తడిచేసి టప్‌మని పేల్చుకున్న కాయల్లోనూ ఈ కొక్కేలే ఉంటాయి. థన్‌బర్జియా కాయలో ఇవి ఉండవు. పైగా చాలా అకాంథేసి మొక్కల ఆకుల్లో సూక్ష్మదర్శిని కింద కనిపించే సున్నపు గుళికలు, అంటే సిస్టోలిత్‌లు, వీటిలో కనిపించవు. డిగ్రీ విద్యార్థులు ఈ రెండు తేడాలూ గుర్తుపెట్టుకుంటే చాలు.

నులితీగలు లేవు కదా, చెట్టెలా ఎక్కుతుంది?

కాండమే చుట్టుకుంటుంది. కాకర, సొర తీగలకు ఉన్నట్టు పట్టుకోడానికి విడిగా నులితీగలు లేవు. మనీప్లాంట్‌లాగా వేళ్ళతో గోడకు అతుక్కోవడం కూడా దీనికి రాదు. లేత కొమ్మ కొస పెరుగుతూ గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది. ఏదైనా కర్రో తీగో తగిలితే దాని చుట్టూ మెలికలు తిరిగి పైకి పోతుంది. అందుకే చదునైన గోడ పక్కన నాటితే పాకలేక కిందే కుప్పపడుతుంది. తాడో ఇనుప తీగో సన్నటి కర్రో ఇవ్వాలి. లావుపాటి స్తంభాన్ని లేత కొమ్మ చుట్టలేదు కాబట్టి దాని పక్కన ఒక తాడు కట్టండి.

ముదిరిన కాండం కట్టెబారుతుంది. తోటల్లో సాధారణంగా ఇరవై అడుగులు దాకా పోతుంది. అడవిలో మంచి చెట్టు దొరికితే ఇంకా ఎక్కువే.

ఆకు చూసి గుర్తుపట్టగలమా?

పువ్వు లేనప్పుడు కాస్త కష్టమే, కానీ వీలవుతుంది. ఆకులు కణుపుకు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. కోలగా, కొస సాగదీసినట్టు, నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవు. అంచున అక్కడక్కడ పళ్ళు ఉంటాయి. ఆకు మొదట్లోంచే మూడు ఈనెలు స్పష్టంగా బయల్దేరతాయి. ఇదే మంచి గుర్తు. ఆకులు ఒకేసారి రాలిపోవు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది.

పువ్వు నిర్మాణం వివరంగా చెప్పండి.

ముందు గుత్తి సంగతి. ఆకు పంగల్లోంచి సన్నటి కాడ కిందికి దిగుతుంది. అది ఆగకుండా కొసన పెరుగుతూనే ఉంటుంది. పైభాగంలో పూలు విచ్చుకుని రాలిపోతుంటే కొస దగ్గర కొత్త మొగ్గలు తయారవుతుంటాయి. వృక్షశాస్త్రంలో దీన్ని అనిశ్చిత పుష్పవిన్యాసం అంటారు. గుత్తి ఒకటిన్నర అడుగు నుంచి మూడడుగుల దాకా దిగుతుంది. ఒకే గుత్తి వారాల తరబడి పూస్తుంది కాబట్టే పందిరి ఎప్పుడు చూసినా నిండుగా ఉంటుంది.

ఒక్కో పువ్వు రెండు అంగుళాల వరకు ఉంటుంది. గొట్టం నిండు పసుపు. నోరు బాగా తెరుచుకుని ఉంటుంది. అంచున ముదురు ఎరుపు లేదా ఇటుకరంగు తమ్మెలు, అంటే విడివడ్డ రేకల కొసలు. పైనున్న తమ్మెలు కప్పులా నిలబడితే కిందివి వెనక్కి ముడుచుకుంటాయి. తోటల్లో పూర్తి పసుపు పూల రకం కూడా ఒకటి పెంచుతారు. నా కంటికి మాత్రం రెండు రంగులదే అందం.

లోపల నాలుగు కేసరాలు, రెండు పొడవు, రెండు పొట్టి. అవి పై కప్పు కిందికి వంగి, నోటి పైభాగానికి ఆనుకుని ఉంటాయి. కీలం కూడా వాటి పక్కనే సాగుతుంది. అంటే పుప్పొడి ఇచ్చే భాగం, పుచ్చుకునే భాగం రెండూ ఒకే ఎత్తులో, ఒకే చోట ఉన్నాయి. గొట్టం అడుగున అండాశయం చుట్టూ మకరందం ఊరే చక్రం ఉంటుంది. తేనె కావాలంటే నోట్లోంచి తల దూర్చాల్సిందే, తల దూరిస్తే పైనున్న కేసరాలు తగలాల్సిందే.

పువ్వు మొదట్లో ఉన్న రెండు రేకులు రక్షక పత్రాలేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. అవి లఘుపుచ్ఛాలు, అంటే చిన్న పుచ్ఛాలు. మొగ్గ దశలో రెండూ అంచులు కలుపుకుని మొగ్గను పూర్తిగా కప్పేస్తాయి. పువ్వు వాటి మధ్యలోంచి బయటికి వస్తుంది. అసలు రక్షక పత్రావళి వాటి లోపల ఒక చిన్న అంచులాగా మిగిలిపోయింది. దాని పని పుచ్ఛాలే చేస్తున్నాయి. థన్‌బర్జియా ప్రజాతి మొత్తంలో ఇదే పద్ధతి. ప్రాక్టికల్ పరీక్షలో పువ్వును కోసేటప్పుడు ఈ రెండింటినీ జాగ్రత్తగా విడదీసి చూడండి, లోపలి చిన్న అంచు అప్పుడే కనిపిస్తుంది.

వాసన ఎందుకు లేదు? పూలు ఎందుకు కిందికి వేలాడతాయి?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఈ తీగ గుట్టంతా ఇందులోనే ఉంది.

ఈ పువ్వు ఎదురుచూసేది తేనెపిట్ట కోసం. పశ్చిమ కనుమల్లో మాత్రమే ఉండే ఎర్రవీపు చిన్న తేనెపిట్ట ఈ పూల మీద తరచుగా కనిపిస్తుంది. వంపు తిరిగిన ముక్కున్న ఇంకా కొన్ని పిట్టలూ వస్తాయి. పక్షులు పువ్వును వెతికేది చూపుతో. వాసన మీద అవి పెద్దగా ఆధారపడవు. కాబట్టి వాసన తయారుచేసుకుని మొక్కకు ఒరిగేదేమీ లేదు. ఎరుపు రంగు పక్షి కంటికి బాగా ఆనుతుంది, తేనెటీగలకు సరిగా కనిపించదు. పసుపు మీద ముదురు ఎరుపు ఉంటే పచ్చటి అడవిలో పక్షికి దూరం నుంచే తెలిసిపోతుంది.

మకరందం పరిమాణం చూసినా ఇదే లెక్క. తేనెటీగ కడుపు ఎంత, పక్షి కడుపు ఎంత! పక్షుల కోసం పూసే పూలు సాధారణంగా పలచటి మకరందాన్ని ఎక్కువెక్కువగా ఊరిస్తాయి. ఈ పువ్వు కూడా అంతే.

ఇక వేలాడడం. మన తేనెపిట్టలు ఎక్కువగా ఏదో ఒకదాన్ని పట్టుకుని కూర్చునే తాగుతాయి. అమెరికా ఖండాల హమ్మింగ్‌బర్డ్‌లకు ఉన్నట్టు గాలిలో అదేపనిగా నిలబడే అలవాటు వాటికి తక్కువ. వేలాడే గుత్తికి మధ్యలో గట్టి కాడ ఉంది, పక్కలకు పూలున్నాయి. పిట్ట ఆ కాడను పట్టుకుని, అవసరమైతే తలకిందులుగా వేలాడి, పక్కనున్న పువ్వులో ముక్కు పెడుతుంది. నుదుటి మీద పుప్పొడి అంటుతుంది. ఆ నుదురే తరవాతి పువ్వులో కీలాగ్రానికి తగులుతుంది. గుత్తులు ఆకుల కిందికి, ఖాళీలోకి దిగడం వల్ల పిట్ట రావడానికీ పోవడానికీ అడ్డం ఉండదు.

హిమాలయాలు, ఈశాన్య భారతం వైపు థన్‌బర్జియా కొక్సినియా అని ఇంకో తీగ ఉంది. పూలు చిన్నవి, నారింజ ఎరుపు. అక్కడా గుత్తులు ఇలాగే పొడుగ్గా వేలాడతాయి. మైదానాల్లో మనం చూసే నీలి థన్‌బర్జియాకు ప్రధానంగా వచ్చేవి పెద్ద తుమ్మెదలు. ఆ పువ్వు వెడల్పుగా, లేత నీలంగా, తుమ్మెద వాలడానికి వీలుగా ఉంటుంది. ఒకే ప్రజాతి, అతిథి మారేసరికి పువ్వు ఆకారం ఎంత మారిపోయిందో చూడండి!

మేం కాలిఫోర్నియాలో ఉంటాం. ఇక్కడ తేనెపిట్టలు లేవు కదా, ఎవరు వస్తారు?

హమ్మింగ్‌బర్డ్‌లు బాగా వస్తాయి. వాటికీ ఎర్రటి గొట్టపు పూలు, ఎక్కువ మకరందం ఇష్టమే. మంచు గడ్డకట్టని తీరప్రాంతాల్లో బయట పెంచవచ్చు. చలి ఎక్కువున్న రాష్ట్రాల్లో, బ్రిటన్‌లో అద్దాల ఇంట్లోనే పెంచాలి. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈ తీగకు తన గార్డెన్ మెరిట్ అవార్డు కూడా ఇచ్చింది.

పందిరి కింద నేలంతా జిగురవుతోంది. తెగులా?

పూలనుంచి కారే మకరందం అయి ఉండవచ్చు. మకరందం నిండిన పువ్వు కదిలితే చుక్కలు రాలతాయి. అందుకే ఈ పందిరి కింద కారు పెట్టకండి, భోజనాల బల్ల కూడా వేయకండి. అయితే ఆకుల మీద కూడా జిగురు, నల్లటి మసి కనిపిస్తే మాత్రం అది పిండినల్లి, పొలుసు పురుగుల పని. ఆకు తిప్పి అడుగున చూస్తే తెలిసిపోతుంది. వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పూల మీద పడకుండా చూడండి, పిట్టలు తాగే చోటు అది.

చీమల గురించి టెన్షన్ అక్కర్లేదు. మకరందం ఉన్నచోట అవి ఉంటాయి.

పూలు ఇన్ని పూస్తుంటే కాయలు ఎందుకు లేవు?

తోటల్లో కాయ పట్టడం అరుదు. సరైన పక్షి సరైన తీరులో రాకపోవడం ఒక కారణం. ఒకే మొక్క నుంచి కొమ్మలు కత్తిరించి పెంచుతూ పోతే పక్కపక్కనున్న తీగలన్నీ జన్యుపరంగా ఒకటే అవుతాయి. వాటి మధ్య పుప్పొడి మారినా వేరే మొక్క పుప్పొడి అందినట్టు కాదు. కాయ పడితే దాని ఆకారం భలే ఉంటుంది, గుండ్రటి మొదలు, దాని మీద పొడుగాటి ముక్కు, అచ్చం పిట్ట తలలా. ఎండాక రెండు చెక్కలుగా విడిపోతుంది. గింజలు నాలుగుకు మించవు.

ఆన్‌లైన్‌లో ఈ తీగ విత్తనాలంటూ చవగ్గా అమ్మే పొట్లాలు కొనకండి. నల్లకన్ను సూసన్ అనే థన్‌బర్జియా అలాటా విత్తనాలు పుష్కలంగా దొరుకుతాయి. మైసూరు తీగ విత్తనాలు అలా దొరికేవి కావు. నర్సరీ మొక్కే నమ్మకం.

హైదరాబాద్‌లో, విజయవాడలో పెరుగుతుందా?

బతుకుతుంది. కొండల్లో పూసినట్టు పూయాలంటే మాత్రం కష్టపడాలి. దీనికి కావలసింది మితమైన ఎండ, గాలిలో తేమ, ఎప్పుడూ కొంచెం చల్లగా, తడిగా ఉండే వేళ్ళు. బెంగళూరులో హాయిగా పెరగడానికి అక్కడి ఎత్తు, మెత్తటి వేసవి కారణం. మనకు ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన పొడి గాలి కొడితే ఆకు అంచులు మాడతాయి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలతాయి.

తూర్పు వైపు నాటండి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం తరవాత నీడ రావాలి. పడమటి గోడ పక్కన అసలు వద్దు, ఆ గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరవండి. మట్టిలో ఆకుల ఎరువు, మాగిన పశువుల ఎరువు బాగా కలపండి. నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి, కాబట్టి బరువైన నల్లరేగడిలో నాటేవాళ్ళు ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి కాస్త ఎత్తుగా మడి చేసుకోవాలి. వేసవిలో ఎర్రనల్లి పట్టకుండా ఆకుల మీద నీళ్ళు చల్లుతుండాలి.

అరకు, పాడేరు, హార్స్‌లీ హిల్స్ వైపు ఉన్నవాళ్ళకు ఈ బాధలు తక్కువ. కాఫీ తోటలకు నప్పే వాతావరణం దీనికీ నప్పుతుంది. లంబసింగిలా చలి బాగా ముదిరే చోట లేత మొక్కకు శీతాకాలంలో రక్షణ కావాలి, గడ్డకట్టే చలిని ఇది తట్టుకోలేదు. విశాఖ తీరంలో గాలి తేమ కలిసొస్తుంది, ఉప్పుగాలి నేరుగా కొట్టకపోతే చాలు.

కుండీలో, బాల్కనీలో పెంచవచ్చా?

పెద్ద తొట్టిలో పెంచవచ్చు. కానీ గుత్తులు వేలాడడానికి ఎత్తు కావాలి. పందిరి కనీసం ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంటేనే కింద మనిషి నడవగలడు. బాల్కనీ గ్రిల్లుకు పాకిస్తే పూలన్నీ పక్కవాళ్ళ వైపే వేలాడతాయి. స్థలం లేనివాళ్ళు నల్లకన్ను సూసన్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ఎప్పుడు కత్తిరించాలి? కొత్త మొక్క ఎలా చేసుకోవాలి?

పూత తగ్గాక కత్తిరించండి. పూలగుత్తులు వచ్చే కొమ్మలను పూతకు ముందే నరికేస్తే ఆ ఏడు పూత పోయినట్టే. కత్తిరించకుండా వదిలేస్తే పైన చిక్కుపడి, కింద బోసిపోతుంది.

కొత్త మొక్కకు వానాకాలంలో సగం ముదిరిన కొమ్మ తీసుకోండి. రెండు కణుపులుండేలా కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమంలో గుచ్చి, పైన పలచటి ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో ఉంచండి. ఇంకా తేలిక నేలంటు. కొమ్మను వంచి ఒక కణుపును మట్టిలో పూడ్చి, వేరు పట్టాక కోసుకోవచ్చు.

ఇది కలుపులా అల్లుకుపోతుందా?

ఆ చెడ్డపేరు దీని బంధువులది. నీలి థన్‌బర్జియా గ్రాండిఫ్లోరా, దాని దగ్గరి చుట్టం లారిఫోలియా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర ప్రాంతంలో అడవి చెట్లను కమ్మేసి పెద్ద సమస్య అయ్యాయి. నేలలో దుంపలు పెంచుకుంటాయి కాబట్టి పైన నరికినా మళ్ళీ లేస్తాయి. మన దగ్గర కూడా నీలి రకాన్ని వాగుల పక్కన, అడవి అంచున నాటవద్దు. ఫామ్‌హౌస్ కంచెలకు అదేపనిగా నాటుతున్నవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆకు కషాయం విషానికి విరుగుడు అంటున్నారు?

థాయిలాండ్ సంప్రదాయ వైద్యంలో ఆకు టీగా వాడేది లారిఫోలియాను. పేర్లు కలిసిపోవడంతో ఆ కబురు దీనికి కూడా అంటగట్టారు. మైసూరు తీగ ఆకులు కాచి తాగకండి. పాము కాటుకైనా పురుగుమందుకైనా ఆసుపత్రికే పరుగెత్తాలి.

కూర్గ్ వెళ్తున్నాం. అడవిలోంచి ఒక కొమ్మ తెచ్చుకోవచ్చా?

వద్దు. రక్షిత అడవిలోంచి మొక్కలు తీయడం చట్టరీత్యా నేరం. పైగా రోడ్డంచున కనిపించే ఆ ఒక్క తీగే చుట్టుపక్కల పిట్టలకు ఆధారం కావచ్చు. పశ్చిమ కనుమల్లోని 39 ప్రాంతాలను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ చూడండి, ఫొటో తీసుకోండి, మొక్క మాత్రం నర్సరీలో కొనండి. వానలు తగ్గాక, చలికాలం నుంచి వేసవి మొదలు వరకు వెళ్తే పూలు కనిపించే అవకాశం ఎక్కువ. హోమ్‌స్టేల పందిళ్ళ మీద కూడా పెంచుతుంటారు. పొద్దున్నే కాసేపు కదలకుండా కూర్చుంటే పిట్టలు వాటంతట అవే వస్తాయి.

తెలుగు నేలలో సహజంగా పెరిగే థన్‌బర్జియా ఏదైనా ఉందా?

ఉంది. థన్‌బర్జియా ఫ్రాగ్రాన్స్. తూర్పు కనుమల్లో పొదల మీద, కంచెల మీద పాకే సన్నటి తీగ. తెల్లటి పువ్వు, అయిదు వెడల్పాటి తమ్మెలు, సన్నటి గొట్టం. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, మొగ్గను కప్పే రెండు పుచ్ఛాలు ఇక్కడా ఉంటాయి. దీన్ని శాస్త్రీయంగా వర్ణించింది విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వెళ్ళకముందు ఆయన మన సామర్లకోటలో తోట వేసి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన పెద్ద గ్రంథంలో ఈ తీగ ఉంది. వానాకాలంలో కొండదారుల్లో నడిచేటప్పుడు పొదల మీద తెల్లటి పువ్వు కనిపిస్తే కింద పుచ్ఛాల జత ఉందేమో చూడండి. ఆ రెండింటినీ మెల్లగా విడదీస్తే లోపల చిన్న పళ్ళతో రక్షక పత్రావళి అంచు కనిపిస్తుంది. దాన్నిబట్టి థన్‌బర్జియా అని ధైర్యంగా చెప్పవచ్చు.